నా ఫైలు మీద ఎర్ర సిరా: ప్రైవేటు ఆసుపత్రులకు ఒక బహిరంగ లేఖ

ప్రైవేటు ఆసుపత్రుల డాక్టరు గార్లకు, నర్సమ్మలకు, ల్యాబుల్లో పనిచేసే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు, ఆసుపత్రులు నడిపే పెద్దలకు,

నమస్కారం.

నేను గోదావరి డెల్టాలో ఒక చిన్న ఊరి మనిషిని. వయసు 38. బట్టలు కుట్టి బతుకుతాను. నాకొక కూతురు. నా ఒంట్లో హెచ్‌ఐవీ ఉందని తెలిసి పదిహేడేళ్ళయింది. ఈ ఉత్తరం కింద నా పేరు ఉండదు. ఎందుకు ఉండదో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

2023 ఆగస్టులో నాకు గాల్‌బ్లాడర్‌లో రాళ్ళున్నాయని తేలింది. అన్నం తిన్న గంటకల్లా కుడి డొక్కలో మొదలయ్యే నొప్పి వీపు దాకా పాకేది. రాత్రుళ్ళు మిషను ముందే కూర్చుని తెల్లవార్చేదాన్ని. ఇంక తట్టుకోలేక గంట దూరంలో ఉన్న టౌనులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. డాక్టరు గారు స్కానింగ్ చూసి, "చిన్న ఆపరేషనమ్మా, చిన్న చిన్న కన్నాలు పెట్టి తీసేస్తాం, రెండ్రోజుల్లో ఇంటికి వెళ్ళిపోతావు" అన్నారు. ఆ మాట వినగానే సగం నొప్పి తగ్గింది. మా అక్క కొడుకు నాకు తోడుగా వచ్చాడు. ఇరవై రెండేళ్ళ పిల్లాడు, నేనంటే ప్రాణం.

మధ్యాహ్నం రక్తం తీశారు. ఏ పరీక్షలకో చెప్పలేదు. సాయంత్రం రౌండ్స్‌కి డాక్టరు గారు వచ్చినప్పుడు నా సంగతి నేనే చెబుదామని పొద్దున్నుంచీ మాటలు కూడబెట్టుకుంటున్నాను. మందుల పుస్తకం, రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే కిందటి సంవత్సరం వైరల్ లోడ్ కాగితం చీర మడతల్లో పెట్టి సంచిలో తెచ్చుకున్నాను కూడా. ఆ అవకాశం నాకు రాలేదు. ఐదు గంటలకి, అప్పటిదాకా "అమ్మా, అమ్మా" అంటూ మంచం మీదే కూర్చుని బీపీ చూసిన నర్సమ్మ, గుమ్మం దగ్గరే ఆగిపోయింది. చేతికి రెండు జతల గ్లవ్స్. మాత్రలు నా అరచేతిలో పైనుంచి వదిలింది. ఆమె వేళ్ళు నాకు తగలకూడదు, అంతే. నాకు అర్థమైపోయింది. ఇన్నేళ్ళలో ఇలాంటివి కళ్ళు చూసి గుర్తుపట్టడం నేర్చుకున్నాను.

రాత్రి ఎనిమిదింటికి మేనేజరు వచ్చి, థియేటర్‌లో ఏసీ పాడైందనీ, బాగయ్యేసరికి వారం పట్టొచ్చనీ, పెద్దాసుపత్రికి వెళ్ళడం మంచిదనీ చెప్పాడు. ఇక్కడే చేయించుకోవాలంటే "స్పెషల్ కిట్" తెప్పించాలట, దానికి ఆరోగ్యశ్రీ వర్తించదట. మర్నాడు ఉదయం, నేను సంచి సర్దుకుంటుండగా, పక్క మంచం ఆవిడని స్ట్రెచర్ మీద అదే థియేటర్‌లోకి తీసుకెళ్ళారు. ఆవిడదీ గాల్‌బ్లాడర్ ఆపరేషనే. నా ఫైలు అట్ట మీద, నా పేరుకంటే పెద్ద అక్షరాలతో, ఎర్ర సిరాతో ఆ మూడక్షరాలూ రాసి, చుట్టూ గుండ్రంగా గీత గీశారు. ఆ ఫైలు కౌంటర్ మీద, బిల్లులు కట్టే వాళ్ళందరి ముందూ పడి ఉంది.

ఇదంతా నేను తట్టుకునేదాన్నే. తట్టుకోలేనిది ఇంకొకటి జరిగింది. రాత్రి నేను మగతగా ఉన్నప్పుడు, ల్యాబులో అబ్బాయి కారిడార్‌లో మా పిల్లాణ్ణి ఆపి, "మీ పిన్నికి ఆ జబ్బుందని మీ ఇంట్లో తెలుసా? నువ్వు జాగ్రత్త" అని చెప్పాడు. అతను చెడ్డవాడు కాకపోవచ్చు. మంచి చేస్తున్నాననే అనుకుని ఉంటాడు. ఆ ఒక్క మాటతో నేను పదిహేనేళ్ళుగా దాచుకున్నది తెల్లారేసరికి మా అక్క వాళ్ళింటికి, వారం తిరిగేసరికి మా వీధికి చేరింది. తొమ్మిదో తరగతి చదువుతున్న నా కూతురికి బళ్ళో ఇంకో పిల్ల చెప్పింది. ఇంటికి వచ్చి సంచి దించకుండానే గుమ్మంలో నిలబడి, "అమ్మా, నీకు ఎయిడ్సా?" అని అడిగింది.

ఆ సంగతి దానికి ఎప్పుడు చెప్పాలో, ఎలా చెప్పాలో నేను ఎన్నో ఏళ్ళుగా ఆలోచించి పెట్టుకున్నాను. ఇంటర్‌లో చేరాక, ఒక ఆదివారం, తలంటి, అన్నం పెట్టి, దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాలనుకున్నాను. మొదటి మాట "నీకు లేదు తల్లీ" అనే మాటే కావాలనుకున్నాను. ఆ రోజు నా చేతిలోంచి పోయింది.

డాక్టరు గార్లూ, మీ దగ్గరకి వచ్చే నాలాంటి మనిషి ఏం మోసుకుని వస్తుందో మీకు తెలియాలని ఇంకొంచెం వెనక్కి వెళ్ళి చెబుతాను.

నాకు 2007లో పెళ్ళయింది. అంతకు ఎనిమిది నెలల ముందు ఆయన కువైట్ వెళ్ళడానికి మెడికల్‌కి వెళ్ళాడు. అక్కడ రక్తం తీసి, చేతిలో ఒక కాగితం పెట్టారు. దాని మీద "అన్‌ఫిట్" అని ఉంది. ఎందుకు అన్‌ఫిట్ అని ఎవరూ చెప్పలేదు. ఏజెంటు, "గుండెలో ఏదో ఉండి ఉంటుందిలే, వచ్చే ఏడు మళ్ళీ చూద్దాం" అన్నాడట. గల్ఫ్ కుదరలేదు కాబట్టి పెళ్ళి చేసేద్దామని మా అత్తవారు సంబంధాలు చూశారు. ఆ కాగితం ఇచ్చిన మనిషి ఆ రోజు ఆయన్ని పావుగంట కూర్చోబెట్టి మాట్లాడి ఉంటే ఏమయ్యేదని నేను ఇప్పటికీ లెక్కలు వేసుకుంటాను.

2008లో ఐదో నెల కడుపుతో ప్రభుత్వాసుపత్రికి వెళితే అందరికీ చేసినట్టే నాకూ రక్తపరీక్ష చేశారు. ఇక్కడ మీకొక మాట చెప్పాలి. గర్భిణులకు పరీక్ష చేయడం చాలా మంచి పని. దాని వల్లే నా కూతురు ఇవాళ ఏ మచ్చా లేకుండా ఉంది. కానీ ఇంట్లో మొదట బయటపడేది ఆడదాని రిపోర్టే. మొదట బయటపడినవాళ్ళే తెచ్చారని లోకం అనుకుంటుంది. మా అత్తగారు, "మా వాడు బంగారం. నువ్వు పుట్టింటి నుంచి ఏం తెచ్చావో చెప్పు" అంది. ఆయన మాత్రం తల వంచుకుని కూర్చున్నాడు. ఆ అన్‌ఫిట్ కాగితం ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది. మూడు నెలల తర్వాత గానీ నాకు చూపించలేదు.

నేను పదో తరగతి చదువుతున్న రోజుల్లో బస్సుల వెనక, గోడల మీద ఎక్కడ చూసినా "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అనే ఉండేది. మీకూ గుర్తుండే ఉంటుంది. మేమందరం నవ్వుకునేవాళ్ళం. ఆ ప్రచారం వల్ల జబ్బు పేరు పల్లెపల్లెకూ తెలిసింది, నిజమే. దాంతోపాటు ఇది తిరుగుబోతు మగవాళ్ళకీ, వాళ్ళు వెళ్ళే ఇళ్ళల్లో ఆడవాళ్ళకీ వచ్చేదన్న మాట కూడా మా బుర్రల్లోకి ఎక్కింది. గుమ్మం దాటని నాకు వచ్చినప్పుడు ఊరికి అడగడానికి ఒకే ప్రశ్న మిగిలింది. ఆ ప్రశ్న మీ ఆసుపత్రి కారిడార్లో కూడా, గ్లవ్స్ వేసుకున్నవాళ్ళ కళ్ళల్లో, నాకు కనిపిస్తుంది.

రిపోర్టు వచ్చిన రాత్రి నాకు బతకాలనిపించలేదు. ఆ మాట దాచను. నన్ను ఆపింది ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ పరీక్ష చేసి కౌన్సెలింగ్ ఇచ్చే సెంటర్లో, కౌన్సెలర్ మేడమ్ చెప్పిన ఒక చిన్న సంగతి. ఆవిడ ధైర్యవచనాలు ఏమీ చెప్పలేదు. కుర్చీ నా పక్కకి జరుపుకుని, నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, "వచ్చే సోమవారం పది గంటలకి రా, నేను ఇక్కడే ఉంటాను. నువ్వు అన్నం తిని రావాలి" అంది. ఆవిడ నా చెయ్యి పట్టుకుందని నేను ఇంటికి వెళ్ళేదాకా ఆ చెయ్యి చూసుకుంటూనే ఉన్నాను. సోమవారం వెళ్ళాలి కదా అని ఆ వారం బతికాను. తర్వాత ఇంకో సోమవారం.

నొప్పులు మొదలవగానే బిడ్డకి సోకకుండా నాకు నెవిరపిన్ మాత్ర వేశారు, పుట్టగానే బిడ్డకి అదే మందు సిరప్ పోశారు. అప్పట్లో అంతే ఉండేది. ఇప్పుడు గర్భిణికి హెచ్‌ఐవీ ఉందని తెలిసిన రోజు నుంచే పూర్తి మందులు ఇస్తున్నారు. నేను బిడ్డకి డబ్బాపాలే పట్టాను. చూడవచ్చిన ప్రతి ఆడమనిషీ "పాలు పడలేదా? వెల్లుల్లి తినలేకపోయావా? సొరచేప కూర పెట్టలేదా?" అని అడిగేది. రొమ్ము బిగిసి జ్వరం వచ్చేది, పక్కన పిల్ల ఏడ్చేది, నేను గోడవైపు తిరిగి "పాలు లేవు" అని చెప్పేదాన్ని. పద్దెనిమిది నెలలు నిండితే గానీ పిల్లకి ఉందో లేదో ఖాయంగా తెలియదన్నారు. పద్దెనిమిది నెలలు! పిల్లకి జలుబు చేస్తే నాకు ప్రాణం పోయేది. 2010లో రిపోర్టు వచ్చింది. నెగటివ్. ఆ కాగితం ఇప్పటికీ దేవుడి పటం వెనక ఉంది.

ఆ సంవత్సరం చివర్లోనే ఆయన పోయాడు, టీబీతో. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళని ఎక్కువగా తీసుకుపోయేది టీబీయేనని మీకు తెలుసు. అప్పటికే ఆరేళ్ళుగా, 2004 నుంచి, హెచ్‌ఐవీని అణిచి ఉంచే ఏఆర్‌టీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. ఆయన వెళ్ళలేదు. ఆ సెంటర్లో మా ఊరి అబ్బాయి ఒకడు పనిచేస్తున్నాడు. "వాడి కళ్ళ ముందు ఆ లైన్లో నిలబడమంటావా?" అనేవాడు. పెద్దకర్మ అయిన వారానికి నన్నూ పిల్లనీ పుట్టింటికి పంపేశారు.

2012లో నా ఒంట్లో రోగాలతో పోరాడే సీడీ4 కణాలు 290కి పడిపోతే మందులు మొదలుపెట్టారు. అప్పట్లో 350 కంటే తగ్గితేనే ఇచ్చేవాళ్ళు. 2017 నుంచి సీడీ4 ఎంతున్నా, పాజిటివ్ అని తేలగానే ఇస్తున్నారు. మొదట రోజుకు రెండు పూటల మాత్రలు. తర్వాత రాత్రిపూట ఒకటే మాత్ర, దాంతో మొదట్లో తల తిరిగేది, పిచ్చి పిచ్చి కలలు వచ్చేవి. 2021 నుంచి డోలుటెగ్రావిర్ ఉన్న మాత్ర. దాంతో ఏ ఇబ్బందీ లేదు. మందు కంటే డబ్బాతోనే కష్టం. ప్లాస్టిక్ డబ్బాలో మాత్రలు గలగలమంటాయి. లేబులు గోటితో గీకేసి, మాత్రలు కాల్షియం డబ్బాలోకి మార్చి, చప్పుడు రాకుండా పైన దూది కుక్కేదాన్ని. పెళ్ళికి వెళ్ళి రాత్రి ఉండాల్సి వస్తే, తొమ్మిదింటికి నీళ్ళ గ్లాసు పట్టుకుని బాత్రూమ్‌లోకి వెళ్ళేదాన్ని. మందుల కోసం దగ్గరలో ఉన్న సెంటర్ మానుకుని, రెండు బస్సులు మారి వేరే ఊరు వెళతాను. అక్కడ ఒకసారి మా వీధి ఆవిడే కనిపించింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని తల తిప్పుకున్నాం. ఆ రోజు నుంచి వీధిలో ఎదురుపడితే మాత్రం, ఎవరికీ అర్థం కాని ఆప్యాయతతో, మునుపటికంటే కాస్త ఎక్కువగానే పలకరించుకుంటాం.

2020 లాక్‌డౌన్‌లో బస్సులు ఆగిపోయాయి. మాత్రలు నాలుగు మిగిలాయి. ఒక పాలవ్యాన్‌లో బతిమాలుకుని బయల్దేరితే చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబుల్ ఆపాడు. వేరే దారి లేక మందుల పుస్తకం తీసి చూపించాను. ఆయన ఒక్క పేజీ చూసి మూసేశాడు. డ్రైవర్‌కి వినపడకుండా, "వెళ్ళి రా అమ్మా. సాయంత్రం కూడా నేనే ఉంటాను, ఇటే రా" అన్నాడు. చదువుకున్న డాక్టర్లకి నేను ఒక కానిస్టేబుల్ కథ చెబుతున్నానని అనుకోకండి. ఒక మనిషి పరువు కాపాడడానికి ఎంత సేపు పడుతుందో చెప్పడానికి చెబుతున్నాను.

ఇప్పుడు మీ భయం గురించి మాట్లాడదాం. మీకు భయం ఉండటం తప్పని నేను అనను. సూది గుచ్చుకుంటుందేమో, కత్తి తెగుతుందేమో, ఇంట్లో పిల్లలున్నారు. ఆ నర్సమ్మకి కూడా పిల్లలున్నారు. అందుకే మీ పుస్తకాల్లో ఉన్న లెక్కలే మీకు గుర్తు చేస్తున్నాను. ఇవి నేను మా కౌన్సెలర్ దగ్గర కూర్చుని నేర్చుకున్నవి.

మందులు వాడని హెచ్‌ఐవీ మనిషికి వాడిన సూది గుచ్చుకుంటే ప్రమాదం వెయ్యికి మూడు. హెపటైటిస్ బి విషయంలో, టీకా వేసుకోనివాళ్ళకి, అది వందకు 30 దాకా ఉండొచ్చు. సూది గుచ్చుకున్న వెంటనే, ఎంత త్వరగా అయితే అంత మంచిది, 72 గంటలు దాటకుండా మొదలుపెట్టి 28 రోజులు మందులు వేసుకుంటే హెచ్‌ఐవీని చాలావరకు ఆపొచ్చు. మరి నేను? నా వైరల్ లోడ్ కాగితం మీద వరుసగా ఇన్నేళ్ళుగా ఒకటే మాట ఉంది: టార్గెట్ నాట్ డిటెక్టెడ్. నా రక్తంలో పరీక్షకి అందేంత వైరస్ కూడా లేదు. యూరప్‌లో 14 దేశాల్లో, ఒకరికి ఉండి ఒకరికి లేని 888 జంటలను ఏళ్ళ తరబడి గమనించి 2016లో ఫలితాలు ప్రకటించారు. మందులతో వైరస్ అణిగి ఉన్నవాళ్ళ నుంచి, కండోమ్ లేకుండా సుమారు 58,000 సార్లు కలిసినా, భాగస్వామికి ఒక్కసారి కూడా సోకలేదు. అది సంసారం సంగతి, సూది సంగతి వేరేనంటారా? ఒప్పుకుంటాను. అయినా ఆ ఒంట్లో వైరస్ ఎంతుందన్నదే కదా అసలు ప్రశ్న.

నా పక్క మంచం ఆవిడ సంగతి ఆలోచించండి. ఆవిడ రిపోర్టు నెగటివ్. పోయిన నెలే ఎవరికైనా సోకి ఉంటే పరీక్షలో తేలకపోవచ్చు, రక్తంలో మాత్రం వైరస్ పొంగుతూ ఉంటుంది. ఆవిడ మంచం దగ్గర మీరు ఒక జత గ్లవ్స్ కూడా వేసుకోలేదు. జాగ్రత్త అంటే రిపోర్టు చూసి తీసుకునేది కాదని, ప్రతి రక్తపు చుక్క దగ్గరా ఒకేలా తీసుకునేదని మీ చదువే చెబుతుంది. అలా చేస్తే నా కోసం స్పెషల్ కిట్టుతో పనేముంది?

నర్సమ్మా, నీతో ఒక మాట. నీ మీద నాకు కోపం లేదు. నీకు హెపటైటిస్ బి టీకా వేయించారో లేదో, వాడిన సూదులు వేయడానికి గుచ్చుకోని డబ్బా నీ వార్డులో ఉందో లేదో, రాత్రి డ్యూటీలో సూది గుచ్చుకుంటే మందు బీరువా తాళం ఎవరి దగ్గరుందో నీకు చెప్పారా? చెప్పకపోతే నీ భయం న్యాయమైనదే, అది నా మీద చూపించాల్సింది మాత్రం కాదు. పనిచేసే వాళ్ళకి జాగ్రత్త సామగ్రి, శిక్షణ, సూది గుచ్చుకుంటే వేసుకునే మందులు ఇవ్వడం యాజమాన్యం బాధ్యత అని చట్టంలోనే రాసి ఉంది. మనిద్దరం కలిసి అడగాల్సిన మాట అది.

ఆ హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించకూడదు, మధ్యలో ఆపకూడదు, వేరు చేసి కూర్చోబెట్టకూడదు. వైద్యం చేయాలంటే ముందు హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోవాలన్న షరతు పెట్టకూడదు. మనిషికి చెప్పి, ఒప్పించి, ముందూ వెనకా కౌన్సెలింగ్ ఇచ్చి చేయాలి. నా ఒప్పుకోలు లేకుండా నా సంగతి నా అక్క కొడుక్కి చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఇరవై మంది అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ఆసుపత్రిలో ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలి. రాష్ట్రానికి ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ ఉండాలి. కోర్టుకి వెళితే అసలు పేరు లేకుండా మారుపేరుతో కేసు నడపమని అడగొచ్చు. నేను రెండేళ్ళుగా ఎన్నో ఆసుపత్రుల గోడలు చూశాను. ఫీజుల పట్టిక ఉంటుంది, చెప్పులు బయట విడవమని ఉంటుంది. ఆ ఫిర్యాదు అధికారి పేరున్న బోర్డు ఒక్కచోట కూడా నా కంటపడలేదు.

నేను కేసు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని మా కౌన్సెలర్ అడిగింది. పెడితే మిగిలిన సగం ఊరికి కూడా తెలుస్తుందని అన్నాను. ఇదీ మా పరిస్థితి. మా నోరు మూయించేది మా రహస్యమే.

ఆ ఆపరేషన్ చివరికి పెద్దాసుపత్రిలో జరిగింది. మూడు వారాలు నొప్పితో తిరిగాక. అక్కడ మత్తు డాక్టరమ్మ ఫైలు చదివి, "ఏ మాత్ర వాడుతున్నావు? పొద్దున వేసుకున్నావా?" అని మామూలుగా అడిగింది. ఆ మాత్ర వాడేవాళ్ళకి షుగర్ మాత్ర ఇస్తే జాగ్రత్తగా ఉండాలన్న సంగతి ఏదో తన జూనియర్‌కి చెప్పింది. అంతే. బీపీ ఉన్నవాళ్ళని అడిగినట్టు అడిగింది. థియేటర్‌లో మత్తు ఎక్కేదాకా నా చెయ్యి పట్టుకునే ఉంది. నాలుగో రోజు ఇంటికొచ్చాను. ఆ రోజు థియేటర్‌లో పనిచేసిన వాళ్ళెవరికీ ఏమీ కాలేదు.

రెండు తెలుగు రాష్ట్రాల్లో మాలాంటి వాళ్ళం నాలుగు లక్షలకు పైగా ఉన్నాం. ఒకప్పుడు మేము మీదాకా వచ్చేవాళ్ళం కాదు, వచ్చేలోపే పోయేవాళ్ళం. ఇప్పుడు మందులు మమ్మల్ని బతికించాయి. బతికినవాళ్ళకి షుగర్ వస్తుంది, కాలు విరుగుతుంది, కంట్లో శుక్లం వస్తుంది, గర్భసంచి జారుతుంది. ఏఆర్‌టీ సెంటర్‌లో వీటికి వైద్యం ఉండదు. వీటికి మీ దగ్గరకే రావాలి. మాలో చాలామంది రారు. నొప్పి ఓర్చుకుంటారు, మెడికల్ షాపులో మాత్ర కొనుక్కుంటారు, నాటు వైద్యానికి వెళతారు. వచ్చినవాళ్ళలో కొందరు చెప్పకుండా దాచి వస్తారు. దాచారని మీరు కోప్పడతారు. చెప్పినవాళ్ళకి ఏం జరుగుతుందో మాకు తెలుసు కాబట్టే దాస్తారు. దాచితే మీకు కూడా నష్టమే. ఏ మందుతో ఏది కలపకూడదో మీకు తెలియకుండా పోతుంది.

ఒక రిపోర్టు మనిషి చేతికి ఎలా ఇచ్చారన్నది ఆ మనిషి ఎన్నేళ్ళు బతుకుతుందో నిర్ణయిస్తుంది. మా ఆయనకి "అన్‌ఫిట్" అని ఇచ్చారు, నాలుగేళ్ళలో పోయాడు. నాకు కుర్చీ జరిపి ఇచ్చారు, పదిహేడేళ్ళు బతికాను, ఇంకా బతుకుతాను. జబ్బు ఒకటే, వచ్చింది ఒక ఇంటికే.

కాబట్టి నేను అడిగేది పెద్దదేమీ కాదు. తలుపు వేసి చెప్పండి. మనిషికే చెప్పండి, తోడు వచ్చినవాళ్ళకి కాదు. తెలిసిన రోజే "మందులున్నాయి, ఉచితం, వేసుకుంటే నిండు నూరేళ్ళు" అని చెప్పండి. రాత్రిపూట నిద్రపడుతోందా, ఏడుపొస్తోందా అని ఒక్కమాట అడగండి, మమ్మల్ని ఎవరూ అడగరు. ఇంటికెళ్ళాక మాట్లాడుకోవడానికి 1097 నంబరు ఉందని, పైసా ఖర్చు లేదని చీటీ మీద రాసివ్వండి. ఫైలు అట్ట మీద ఏమీ రాయకండి. లోపల పేజీలో, వైద్యం చేసేవాళ్ళకి మాత్రమే కనపడేలా రాసుకోండి. ఆపరేషన్ చేయడం ఇష్టం లేకపోతే ఏసీ పాడైందని చెప్పకండి. అసలు ఇష్టం లేకపోవడానికి మీకు చట్టం అనుమతి లేదని మీ మేనేజరుకి చెప్పండి.

నా కూతురు ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. ఆ రోజు గుమ్మంలో నిలబడి అడిగిన ప్రశ్నకి నేను అవుననీ కాదనీ చెప్పలేకపోయాను. దేవుడి పటం వెనక కాగితం తీసి దాని చేతికిచ్చాను. చదివి, "ఇది నాది. నీది ఏది?" అంది. అప్పుడు నా వైరల్ లోడ్ కాగితం కూడా ఇచ్చాను. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. ఆ రాత్రి తొమ్మిదింటికి అదే నీళ్ళ గ్లాసు తెచ్చిచ్చింది. అప్పటి నుంచి నా మాత్రలు వంటగది అలమరలో ఉప్పు డబ్బా పక్కన, లేబులు గీకకుండా, ఉంటున్నాయి. మా అక్క కొడుకు ఏడాదికి పైగా మా ఇంటికి రాలేదు. పోయిన సంక్రాంతికి వచ్చాడు, మా ఇంట్లోనే తిన్నాడు. మా అక్క ఇంకా రాలేదు.

నాకు ఇప్పుడు కింది దవడలో ఒక పన్ను పుచ్చి మూడు నెలలుగా సలుపుతోంది. లవంగ నూనెతో నెట్టుకొస్తున్నాను. చెప్పి వెళ్ళనా, చెప్పకుండా వెళ్ళనా అని ఇన్నాళ్ళూ ఊగిసలాడాను. చెప్పాలని చట్టం నన్ను బలవంతపెట్టదు. అయినా ఈసారి నేనే చెబుతాను, రక్తం తీయకముందే, పుస్తకమూ కాగితమూ బల్ల మీద పెట్టి. నా కూతురు తోడుగా వస్తుంది.

మీలో ఎవరి దగ్గరికి వస్తానో నాకింకా తెలియదు. సోమవారం పది గంటలకి వస్తాను. అన్నం తినే వస్తాను.

ఇట్లు,
గోదావరి జిల్లా నుంచి
ఒక తల్లి